పాత కాగితాల్లో నేల కదలికలు: గతకాలపు భూకంపాల తీవ్రతను ఎలా అంచనా వేస్తారు?

1737 అక్టోబరు 11న కలకత్తాలో భూకంపం వచ్చి మూడు లక్షల మంది మరణించారన్న వాక్యం రెండున్నర శతాబ్దాల పాటు ప్రపంచపు ఘోర భూకంపాల జాబితాల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఒక జాబితా నుంచి మరొక జాబితాలోకి ఆ సంఖ్య ఎక్కుతూ పోయిందే తప్ప, దాని మూలం ఎక్కడుందని వెతికినవారు తక్కువ. 1994లో రోజర్ బిల్హామ్ అనే భూభౌతిక శాస్త్రవేత్త ఆ కాలపు పత్రాలను మళ్లీ తిరగేశారు. ఈస్టిండియా కంపెనీ తరఫున కలకత్తాలో సుంకాలు వసూలు చేసే అధికారి పంపిన నివేదికలో పెనుగాలి గురించి, వరద గురించి, నేలమట్టమైన పూరిళ్ల గురించి, 3,000 మంది మృతుల గురించి ఉంది. మూడు లక్షల సంఖ్య ఓడల వెంట వెళ్లిన కబుర్ల రూపంలో తర్వాత లండన్ పత్రికకు ఎక్కింది. అప్పటి కలకత్తా జనాభా ఆ సంఖ్యలో చిన్న భాగం మాత్రమేనని బిల్హామ్ లెక్క. ఆ రాత్రి పట్టణాన్ని ధ్వంసం చేసింది బంగాళాఖాతం నుంచి వచ్చిన తుపాను. గాలికి కూలిన ఇల్లూ, నేల కదిలి కూలిన ఇల్లూ దూరాన కూర్చుని చదివేవాడికి ఒకేలా కనిపిస్తాయి. చరిత్ర పత్రాల నుంచి భూకంపాలను అంచనా వేసే పనిలోని చిక్కంతా ఈ ఒక్క ఉదాహరణలోనే దాదాపుగా ఇమిడి ఉంది.

అయినా ఆ పని మానుకోవడానికి వీల్లేదు. ఆధునిక భూకంపలేఖినులు 1880ల దశకంలో జపాన్‌లో జాన్ మిల్న్, జేమ్స్ ఈవింగ్, థామస్ గ్రే రూపొందించిన యంత్రాలతో మొదలయ్యాయి. దూరపు కంపాలను పసిగట్టడానికి తయారైన సున్నితమైన యంత్రాలు దగ్గరలోనే పెద్ద భూకంపం వస్తే ఆ ఊపును పూర్తిగా గీయలేకపోయేవి. కేంద్రానికి చేరువలో నేల ఎంత బలంగా ఊగిందో కొలవగలిగేలా నమోదు చేసిన తొలి పరికరాలు 1933 మార్చి 10న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ భూకంపంలో పనిచేశాయి. అంటే బలమైన ప్రకంపనలకు సంబంధించి మన దగ్గరున్న కొలతల వయసు నిండా వందేళ్లు కూడా లేదు. ఒకే భ్రంశం (నేల పొరలు జరిగే పగులు) మీద రెండు పెద్ద భూకంపాల నడుమ మాత్రం వందల ఏళ్లు, ఒక్కోచోట వేల ఏళ్లు గడుస్తాయి. ఒక ఆనకట్టో ఆసుపత్రో ఎంత ఊపును తట్టుకోవాలో నిర్ణయించే ఇంజనీరుకు ఆ మధ్యకాలం గురించి చెప్పగలిగినవి ఆలయ శాసనాలు, మఠాల దినచర్య పుస్తకాలు, కోశాగార లెక్కలు, మరమ్మతు రశీదులు, ప్రయాణికుల ఉత్తరాలు మాత్రమే.

ముందుగా ఒక మాటల చిక్కును విప్పుకోవాలి. వార్తల్లో ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత 7’ అని చదువుతుంటాం. అక్కడ చెబుతున్నది భూగర్భంలో విడుదలైన శక్తికి సంబంధించిన కొలత, అంటే మాగ్నిట్యూడ్. దాన్ని ఇక్కడ ‘పరిమాణం’ అంటాను. ఒక భూకంపానికి పరిమాణం ఒక్కటే. ‘తీవ్రత’ అన్న మాటను ఒక నిర్దిష్టమైన ఊరిలో నేల ఎంతగా ఊగింది, దానివల్ల మనుషులకూ వస్తువులకూ కట్టడాలకూ ఏమైంది అన్నదానికే వాడతాను. ఒకే భూకంపానికి ఊరికొక తీవ్రత ఉంటుంది. పాత పత్రాల నుంచి నేరుగా తెలుసుకోగలిగేది తీవ్రతనే. పరిమాణాన్ని ఆ తీవ్రతల పొందిక నుంచి వెనక్కి లెక్కగట్టి రాబట్టాలి.

తీవ్రతకు కొలబద్దలు పత్తొమ్మిదో శతాబ్దంలోనే పుట్టాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే సవరించిన మెర్కాలీ స్కేలులోనూ, ఐరోపాలో 1998లో ఖరారు చేసిన ఈఎంఎస్-98 స్కేలులోనూ పన్నెండేసి స్థాయిలు ఉన్నాయి. మెర్కాలీ స్కేలులో 4వ స్థాయికి ఇంట్లో గిన్నెలు, తలుపులు గలగలలాడతాయి. 5వ స్థాయికి నిద్రపోతున్నవారిలో చాలామంది మేలుకుంటారు, గోడ గడియారాల లోలకాలు ఆగిపోవచ్చు. 6వ స్థాయికి బరువైన సామాను జరుగుతుంది, అక్కడక్కడా గోడల పెచ్చులూడతాయి. 7, 8 స్థాయిల్లో గోడలు బీటలు వారడం, పొగగొట్టాలు విరిగిపడటం, బలహీనమైన కట్టడాలు కూలడం మొదలవుతుంది. ఆపైన స్కేలు మీద నమ్మకం తగ్గుతుంది. ఊళ్లోని ఇళ్లన్నీ నేలమట్టమయ్యాక అంతకంటే ఎక్కువ ఊపును చూపించే వస్తువు ఆ ఊళ్లో మిగలదు.

ఒక మఠాధిపతి ‘పట్టణం మొత్తం కూలిపోయింది’ అని రాశాడనుకుందాం. ఆ ఒక్క వాక్యానికి ఏ స్థాయి ఇవ్వాలి? ఇళ్లు మట్టితో, చెక్కని రాళ్లతో కట్టినవైతే 7వ స్థాయికే ఊరు సగం కూలిపోవచ్చు. దృఢమైన కట్టడాలైతే అదే వర్ణనకు 9 ఇవ్వాలి. ఈఎంఎస్-98 ఈ చిక్కును ఎదుర్కోవడానికి కట్టడాలను బలహీనత ప్రకారం ఆరు తరగతులుగా, నష్టాన్ని ఐదు మెట్లుగా విభజించింది. ఏ తరగతి ఇళ్లలో ఎన్నింటికి, ఏ మెట్టు నష్టం జరిగింది అన్న నిష్పత్తి మీదే స్థాయి ఆధారపడుతుంది. ‘పెద్ద గుడి గోపురం పడిపోయింది’ అన్న సమాచారం ఈ పద్ధతిలో పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే అది ఒక్క కట్టడం గురించే చెబుతుంది, పైగా ఎత్తైన గోపురం దూరపు భూకంపాల నెమ్మదైన ఊపుకు తేలిగ్గా లొంగుతుంది. అదే పత్రంలో ‘అంగడి వీధిలో పది ఇళ్లకు రెండు పడ్డాయి’ అన్న అర వాక్యం దొరికితే దాని విలువ ఎంతో ఎక్కువ.

మృతుల సంఖ్యను తీవ్రతకు కొలతగా తీసుకోవడం మరీ ప్రమాదకరం. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమి కింద వచ్చిన భూకంపం పరిమాణం 8కి పైమాటే. విశాలమైన ప్రాంతంలో రాతి, ఇటుక కట్టడాలు దాదాపు అన్నీ కూలాయి. చనిపోయినవారు మాత్రం సుమారు 1,500 మంది. అది సాయంత్రం ఐదు గంటల వేళ, చాలామంది ఆరుబయట ఉన్నారు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపం పరిమాణం 6.2 మాత్రమే. అది తెల్లవారుజామున నాలుగు గంటలకు కాస్త ముందు, మట్టితో పేర్చిన బరువైన రాతిగోడల ఇళ్లలో జనం గాఢనిద్రలో ఉండగా వచ్చింది. మృతుల లెక్కలు 8,000 నుంచి 10,000 వరకూ ఉన్నాయి. రెండో దానిలో విడుదలైన శక్తి మొదటిదానిలో వందో వంతు కూడా ఉండదు. మూడు వందల ఏళ్ల తర్వాత ఈ రెండింటి గురించీ మృతుల సంఖ్యలు మాత్రమే మిగిలితే, ఆ కాలపు చరిత్రకారుడు కిల్లారినే మహాభూకంపం అనుకోవడంలో ఆశ్చర్యం ఉండదు.

ఇటువంటి చీకట్లో కాస్త వెలుగు చూపిన ఘట్టం 1755 నవంబరు 1 నాటి లిస్బన్ భూకంపం. అందులోనూ విధ్వంసం మూడు పొరలుగా కలగాపులగమైంది: మొదట నేల ఊగింది, తర్వాత సముద్రం పొంగింది, ఆ పైన పండగ దీపాలు, పొయ్యిల నుంచి లేచిన మంటలు రోజుల తరబడి నగరాన్ని కాల్చాయి. కాలిపోయిన ఇల్లు మంటకు ముందు ఎంత దెబ్బతిన్నదో ఎవరు చెప్పగలరు? అయితే మంత్రి పొంబాల్ ఆధ్వర్యంలో దేశంలోని చర్చి పరిధులన్నింటికీ ఒక ప్రశ్నావళి వెళ్లింది. ప్రకంపన ఎప్పుడు మొదలై ఎంతసేపు సాగింది, ఒక దిక్కున ఎక్కువగా అనిపించిందా, ఎన్ని ఇళ్లు పడ్డాయి, ఎంతమంది చనిపోయారు, సముద్రం ముందు పెరిగిందా తగ్గిందా, నేల ఎక్కడైనా చీలిందా అని అందులో అడిగారు. దైవాగ్రహమా కాదా అన్న వాదం జోరుగా సాగుతున్న రోజుల్లో ఇంత నిలకడగా ప్రశ్నలు వేయడం నాకు నిజంగా గొప్ప విషయంగా తోస్తుంది. ఆ జవాబుల్లో మిగిలినవి పోర్చుగల్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటి నుంచి ఇప్పటికీ తీవ్రత పటాలు గీస్తున్నారు.

ప్రశ్నావళికి ప్రత్యేకమైన విలువ ఒకటి ఉంది: ‘మా ఊళ్లో ఏమీ కాలేదు’ అన్న జవాబును కూడా అది రాబడుతుంది. ఎవరూ అడగకుండా ఆ మాట రాసేవారు ఉండరు. ఉత్తరం రాసేవాడు పడిన గోడ గురించి రాస్తాడు, నిలబడిన తొంభై గోడల గురించి రాయడు. విలేకరి ఎక్కువ దెబ్బతిన్న వీధికే వెళ్తాడు. ఇది కేవలం అనుమానం కాదు, పరీక్షించి చూసిన సంగతి. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపం తర్వాత పత్రికల కథనాల నుంచి వేసిన తీవ్రతలను, క్షేత్రంలో ఊరూరా తిరిగి సేకరించిన సర్వే తీవ్రతలతో సూసన్ హఫ్, ప్రభాస్ పాండే పోల్చి చూశారు. పత్రికల ఆధారంగా వేసిన తీవ్రతలు ఒక క్రమంలో ఎక్కువగా తేలాయి. ఇరవై ఒకటో శతాబ్దంలోనే ఇలా ఉంటే, పత్రికలూ ఉత్తరాలూ తప్ప మరేమీ మిగలని 1819 నాటి కచ్ లేదా 1833 నాటి నేపాల్ భూకంపాల లెక్కల్లో ఆ మొగ్గు ఎంతగా చొరబడి ఉంటుందో ఊహించవచ్చు. అందుకే అనుభవమున్న పరిశోధకులు శిథిలాల వర్ణనల కంటే, ‘దీపాలు ఊగాయి, పిల్లలు నిద్ర లేవలేదు’ వంటి చప్పని వాక్యాల కోసం ఎక్కువగా వెతుకుతారు. ప్రకంపన ఎక్కడ బలహీనపడిందో చెప్పేవి అవే.

ఊళ్ల తీవ్రతలు పోగయ్యాక వాటిని పటం మీద పెట్టి, సమాన తీవ్రత ఉన్న చోట్లను గీతలతో కలపడం పాత పద్ధతి. 1857 డిసెంబరులో దక్షిణ ఇటలీలో వచ్చిన భూకంపాన్ని అధ్యయనం చేయడానికి ఐర్లాండ్ ఇంజనీరు రాబర్ట్ మాలెట్ రాయల్ సొసైటీ సాయంతో వెళ్లి, శిథిలాలను ఫొటోలు తీయించి, పగుళ్ల దిశలను కొలిచి ఇటువంటి పటాన్ని తయారుచేశారు. పగుళ్ల దిశ నుంచి తరంగం ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుందన్న ఆయన ఊహ పూర్తిగా నిలవలేదు, ఎందుకంటే గోడ ఎటు పగులుతుందో దాని కట్టుబడి కూడా నిర్ణయిస్తుంది. పటం గీసే పద్ధతి మాత్రం నిలిచింది. ఈ కాలంలో గీతల స్థానంలో లెక్కలు వచ్చాయి. 1997లో బేకన్, వెంట్‌వర్త్ ప్రతిపాదించిన పద్ధతిలో పటం మీది ప్రతి బిందువునూ వరుసగా కేంద్రంగా ఊహించుకుంటారు. అక్కడి నుంచి దూరం పెరిగేకొద్దీ తీవ్రత ఎలా తగ్గాలో తెలిపే సూత్రంతో, ప్రతి ఊరి తీవ్రతకూ ఎంత పరిమాణం కావాలో లెక్కిస్తారు. ఆ జవాబులన్నీ ఒకదానికొకటి దగ్గరగా వచ్చే బిందువే అసలు కేంద్రమయ్యే అవకాశం ఎక్కువ.

అయితే ఆ సూత్రం అన్ని చోట్లా ఒకటి కాదు. పగుళ్లు లేని పాత్రను మీటితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది, బీట వారిన పాత్ర బొంగురుగా పలికి ఊరుకుంటుంది. పాతబడి చల్లబడిన భూఖండపు పెంకులో తరంగాలు అలాగే చాలా దూరం బలంగా సాగుతాయి. భ్రంశాలతో నలిగిన కాలిఫోర్నియా వంటి చోట త్వరగా అణగిపోతాయి. 2011 ఆగస్టు 23న అమెరికాలోని వర్జీనియాలో వచ్చిన 5.8 పరిమాణపు భూకంపం దక్షిణాన జార్జియా నుంచి ఉత్తరాన కెనడా వరకూ తెలిసింది. ఒకచోట కట్టిన సూత్రాన్ని మరోచోట వాడితే పరిమాణం విపరీతంగా పెరిగిపోవడమో, తరిగిపోవడమో జరుగుతుంది.

ఈ మాటకు అమెరికా మధ్యభాగంలోని న్యూ మాడ్రిడ్ భూకంపాలే సాక్ష్యం. 1811 డిసెంబరు 16, 1812 జనవరి 23, ఫిబ్రవరి 7 తేదీల్లో మూడు పెద్ద భూకంపాలు మిసిసిపీ లోయను కుదిపేశాయి. 1996లో వెలువడిన ఒక ప్రముఖ అంచనా వాటి పరిమాణాలను 8కి అటూ ఇటూగా లెక్కగట్టింది. సూసన్ హఫ్ బృందం 2000లో మూల కథనాలను మళ్లీ చదివి ఒక సంగతిని గుర్తించింది. ఆ రోజుల్లో జనావాసాల్లో చాలా భాగం నదుల ఒడ్డునే ఉండేవి. ఒండ్రు నేల ప్రకంపనను పెంచుతుంది. 1985 సెప్టెంబరు 19 నాటి భూకంపంలో కేంద్రానికి 350 కిలోమీటర్ల దూరానున్న మెక్సికో నగరం పాత సరస్సు బురద మీద ఉన్నందుకే అంతగా నష్టపోయింది. గట్టి నేల మీద ఎవరూ లేకపోతే అక్కడి నెమ్మదైన ఊపు రికార్డుకు ఎక్కదు, మెత్తటి నేల సాక్ష్యమే ప్రాంతం మొత్తానికీ సాక్ష్యమైపోతుంది. పైగా నదికి పడమర దిక్కున రాసేవాళ్లే లేకపోవడంతో పటంలో సగం ఖాళీ. ఇవన్నీ సరిచేసుకుంటే పరిమాణాలు 7 నుంచి 7.5 వరకూ దిగాయి. పరిమాణంలో ఒక్క అంకె తేడా అంటే శక్తిలో సుమారు 32 రెట్ల తేడా కాబట్టి, ఇది చిన్న సవరణ కాదు.

ఇంజనీరుకు చివరికి కావలసింది త్వరణం, అంటే నేల ఎంత జోరుగా తోసిందన్న అంకె. కాలిఫోర్నియా భూకంపాల నుంచి 1999లో డేవిడ్ వాల్డ్ బృందం కట్టిన పట్టికలో 6వ స్థాయి తీవ్రతకు గురుత్వ త్వరణంలో 9 నుంచి 18 శాతం, 7వ స్థాయికి 18 నుంచి 34 శాతం, 8వ స్థాయికి 34 నుంచి 65 శాతం వస్తుంది. ప్రతి స్థాయికీ త్వరణం దాదాపు రెట్టింపవుతోందని గమనించండి. ఒక పాత వాక్యానికి 7 ఇవ్వాలా 8 ఇవ్వాలా అన్న మీమాంసలో ఇద్దరు పండితులు భిన్నాభిప్రాయాలకు రావడం మామూలే. ఆ ఒక్క స్థాయి దగ్గర పడిన తేడా లెక్క చివరికి చేరేసరికి రెండింతలవుతుంది.

కాగితాలతో పాటు రాళ్లనూ చదవవచ్చు. నిటారుగా నిలబెట్టిన సమాధిరాయి ఎత్తు ఒక మీటరు, మందం 20 సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని పక్కకు పడగొట్టాలంటే గురుత్వ త్వరణంలో కనీసం ఐదో వంతు కావాలని సాధారణ గణితం చెబుతుంది. 1897 భూకంపాన్ని పరిశీలించిన ఆర్. డి. ఓల్డ్‌హామ్ ఇటువంటి స్తంభాలను, రాళ్లను జాగ్రత్తగా కొలిచారు. నేలలో పాతుకున్న బండరాళ్లు తమ గుంట అంచులను రాసుకోకుండా పైకి ఎగిరిపడ్డ చోట్లను చూసి, అక్కడ నిలువు త్వరణం గురుత్వాన్ని మించిపోయిందని ఆయన నిర్ధారించారు. అయితే ఒకే ఆకారంలో ఉన్న రెండు రాళ్లలో పెద్దది పడటం కష్టమని, ఊపు ఎంతసేపు ఒకే దిశలో తోసిందన్నది కూడా లెక్కలోకి వస్తుందని 1963లో జార్జ్ హౌస్నర్ చూపించడంతో ఆ సాదా సూత్రాన్ని జాగ్రత్తగా వాడాల్సి వచ్చింది. అమెరికా పడమటి ఎడారుల్లో తాకితే పడేలా నిలిచిన బండలను జేమ్స్ బ్రూన్ అధ్యయనం చేశారు. ఆ బండ వేల ఏళ్లుగా అలాగే ఉంటే, ఆ కాలంలో అక్కడ ఊపు ఫలానా హద్దు దాటలేదని అర్థం. పడని రాయి ఇక్కడ ‘మా ఊళ్లో ఏమీ కాలేదు’ అన్న ఉత్తరం చేసే పనే చేస్తుంది.

తేదీల చిక్కు వేరే ఉంది. ఇంగ్లండ్ 1752 వరకూ పాత క్యాలెండరునే వాడింది కనుక కలకత్తా తుపాను కొన్ని పత్రాల్లో సెప్టెంబరు 30న, మరికొన్నింటిలో అక్టోబరు 11న కనిపిస్తుంది. అజాగ్రత్తగా జాబితా రాసేవాడి చేతిలో ఒక సంఘటన రెండు కావచ్చు, రెండు ఒకటి కావచ్చు. 1505 జూలైలో కాబూల్ దగ్గర వచ్చిన భూకంపాన్ని బాబర్ తన జ్ఞాపకాల్లో వివరంగా రాశాడు: ఆ రోజు నేల 33 సార్లు కంపించిందని, నెల రోజుల పాటు రోజూ రెండు మూడు సార్లు కదులుతూనే ఉందని, కొన్నిచోట్ల నేల ఏనుగు ఎత్తున లేచి, మరికొన్నిచోట్ల అంతే లోతుకు కుంగిందని. యుద్ధాల మధ్య తీరిక చేసుకుని కంపాలను లెక్కపెట్టిన ఈ సాక్షి చాలా విలువైనవాడు. ఏనుగు ఎత్తు అన్న మాట నుంచి భ్రంశం మీటర్ల మేర జరిగిందని నేడు గ్రహించగలుగుతున్నాం. అదే ఏడాది జూన్ 6న మధ్య హిమాలయాల్లో మరో పెద్ద భూకంపం వచ్చింది. ఏడాది మాత్రమే రాసి పెట్టుకున్నవాడికి ఈ రెండూ కలిసిపోతాయి.

రాసేవాళ్లే లేని తీరానికి కూడా ఒక్కోసారి రాత దొరుకుతుంది. 1700 జనవరిలో జపాన్ తీరపు ఊళ్లలోకి ఏ ప్రకంపనా లేకుండానే సముద్రం చొచ్చుకొచ్చింది. అక్కడి అధికారులు, వర్తకులు పొలాలు మునగడం, ఇళ్లు కొట్టుకుపోవడం నమోదు చేశారు గాని, కారణం వారికి అంతుబట్టలేదు. అమెరికా వాయవ్య తీరంలో ఒక్కసారిగా కుంగిన నేల మీద చచ్చి నిలిచిన దేవదారు చెట్ల వలయాలు, అవి 1699 వేసవి చివరికీ 1700 వసంతానికీ మధ్య చనిపోయాయని చెప్పాయి. కెంజి సతాకే బృందం 1996లో జపాన్ రికార్డుల నుంచి అలల ప్రయాణకాలాన్ని వెనక్కి లెక్కగట్టి, కాస్కేడియా అని పిలిచే ఆ అమెరికా వాయవ్య తీరంలో జనవరి 26 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో 9కి చేరువైన పరిమాణంతో భూకంపం వచ్చిందని తేల్చింది.

ఈ అనుభవాలన్నిటి తర్వాత జాబితాలు తయారుచేసే తీరే మారింది. ఐరోపా చారిత్రక భూకంపాల సమాచార భాండాగారం వంటి చోట్ల ఇప్పుడు ఒక్కో భూకంపానికి వెనుక ఏయే అధ్యయనాలు ఉన్నాయి, ఏ ఊరికి ఎంత తీవ్రత ఇచ్చారు అన్నది విడివిడిగా భద్రపరుస్తున్నారు. ఇటలీ బలమైన భూకంపాల జాబితాలో మూల కథనాల వివరాలు కూడా చేర్చారు. సందిగ్ధమైన చోట 7 అని తేల్చేయకుండా ‘7-8’ అని రెండు స్థాయిలూ రాస్తున్నారు. రేపు ఎవరికైనా ఒక కొత్త ఉత్తరం దొరికితే, అంకె వరకే ఆగకుండా ఆ అంకెను పుట్టించిన వాక్యం దాకా వెళ్లి సరిచూసుకోవచ్చు. కలకత్తా మూడు లక్షల సంఖ్య పక్కన ఆ సుంకాల అధికారి నివేదిక కూడా మొదటి నుంచీ ఉండి ఉంటే, ఆ పొరపాటు బయటపడటానికి 1994 దాకా ఆగాల్సి వచ్చేది కాదు.